బ్రిటిష్ హాస్యచిత్ర పోస్టుకార్డులు: నియమము నాశ్రయించిన నవ్వు

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండు సముద్రతీర విహారస్థలములలో స్వల్పమూల్యమునకు విక్రయింపబడిన హాస్యచిత్ర పోస్టుకార్డులను అశ్లీలములని కొందఱును, అల్పములని కొందఱును నిరసించిరి. అయినను వాని హాస్యము సంఘనీతిని ధిక్కరించుటవలన గాక, ఆ నీతి ప్రాబల్యము నాశ్రయించుటవలననే జనించినదని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

1894లో బ్రిటిష్ తపాలాశాఖ ప్రైవేటు ముద్రాపకుల కార్డులను అరపెన్నీ బిళ్ళతో పంపుట కనుమతించెను. 1902లో వెనుకవైపున చిరునామా సరసనే జాబును గూడ వ్రాయవచ్చునని నిర్ణయించుటతో ముందువైపంతయు చిత్రమునకు దక్కెను. 1871 నాటి బ్యాంకు సెలవుల చట్టమును, రైలుమార్గముల వ్యాప్తియు కర్మాగారముల శ్రామికులను బ్లాక్‌పూల్, మార్గేట్, స్కార్‌బరో తీరములకు జేర్చగా, గోడపై బొమ్మలు చూపు దీపయంత్రములకు గాజుపలకలు తయారుచేయుచుండిన హోమ్‌ఫర్త్ పట్టణపు బామ్‌ఫర్త్ సంస్థయు ఈ కార్డుల వ్యాపారమున బ్రవేశించెను.

ఈ కళకు ప్రతినిధి డొనాల్డ్ మెక్‌గిల్ (1875–1962). నౌకానిర్మాణ కార్యాలయమున పటములు గీయుచుండిన ఆయన, పిదప సుమారు 12,000 కార్డులకు చిత్రములు రచించెనని ప్రసిద్ధి. స్థూలకాయురాలైన భార్య, ఆమె చాటున నొదిగిన కృశాంగుడగు భర్త, ఎఱ్ఱముక్కు త్రాగుబోతు, కొత్త దంపతులు, అమాయకుడగు మతాచార్యుడు ఆయన పాత్రలు. వికృతాకారమును, వికృతవేషమును, వికృతవచనమును హాస్యమునకు కారణములని భరతాదులు చెప్పిన లక్షణము వీనియందు సంపూర్ణముగా గానవచ్చును. అందును వచనమునకే ప్రాధాన్యము. కిప్లింగు నచ్చునా యని యువకు డడుగగా, ఆ కవి పేరును ఏదో క్రియగా భావించిన యువతి తానెన్నడును ఆ పని చేసి యెఱుగనని సిగ్గుతో బదులాడు కార్డు మిక్కిలి ప్రఖ్యాతము. అందు యువకుని మాటయందు గాని, యువతి మాటయందు గాని అశ్లీలపదమొక్కటియు లేదు. రెండవ యర్థమును పూరించువాడు పాఠకుడే. మర్యాద యేమో యెఱిగినవానికి మాత్రమే యీ ధ్వని స్ఫురించును.

1941లో హొరైజన్ పత్రికయందు ప్రకటించిన వ్యాసమున జార్జ్ ఆర్వెల్, ఈ పరిహాసములు వివాహబంధమును సుస్థిరమైనదిగా నంగీకరించియే పుట్టినవని చూపెను. ఈ సూత్రము వస్తువునకే గాక రచనారీతికిని వర్తించును: నిషేధము లేనిచో గోపనము లేదు, గోపనము లేనిచో శ్లేషకు జీవము లేదు.

చరిత్రయు దీనినే సమర్థించుచున్నది. 1951 నుండి 1968 వఱకు బ్లాక్‌పూల్‌లో కార్డులను పరీక్షించుట కొక సంఘము పనిచేసెను. 1954లో లింకన్ న్యాయస్థానము, 1857 నాటి అశ్లీలప్రచురణల చట్టము ననుసరించి, వృద్ధుడైన మెక్‌గిల్‌నకు 50 పౌనులు జరిమానాయు, 25 పౌనులు ఖర్చులును విధించెను. అంతటి నిర్బంధమున గూడ నిలిచిన యీ హాస్యము, 1960 తరువాత నిర్బంధములు సడలి, మఱుగుపడిన మాటలు బహిరంగములైన కొలదియు సారము కోల్పోయెను. విదేశవిహారములు సులభములగుటయు నీ క్షయమునకు తోడ్పడినది గాని, మూలకారణము మాత్రము గోపనము నశించుటయే.

కావున వీనిని నీతికి శత్రువులుగా శిక్షించినవారును, ప్రాకృతవినోదములని ఉపేక్షించినవారును వీని యథార్థస్థానమును గుర్తింపలేదు. ఏడాది పొడవునను కట్టుబాట్లకు లోబడి శ్రమించి, కొలదిదినములు మాత్రమే తీరమున సేదదీరిన సామాన్యజనుల మనోవృత్తిని ఇంత సూటిగా దెలుపు ఆధారములు అరుదు. సాంఘికచరిత్రకారులు వీనిని గౌరవముతో పరిశీలింపవలసి యున్నది.