గచ్చిబౌలిలో కూర్చుని రోవర్స్ కప్‌ని యాద్ చేసుకుంటే

2024 డిసెంబర్ 31. ఆఫీసులో అందరూ కొత్త సంవత్సరం హడావుడిలో ఉన్నారు. నేను మాత్రం మగ్రిబ్ నమాజు కాగానే అబ్బాని, మా పన్నెండేళ్ల కొడుకుని కార్లో ఎక్కించుకుని టోలీచౌకి నుంచి గచ్చిబౌలి దారి పట్టాను. షేక్‌పేట ఫ్లైఓవర్ మీద కార్లు చీమల్లా కదులుతున్నాయి. ఆ రాత్రి బాలయోగి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్. బెంగాల్, కేరళ ఆడుతున్నాయి. ఆతిథ్యం మనదే కానీ తెలంగాణ జట్టు గ్రూప్ దశలోనే ఆగిపోయింది. మ్యాచ్ చివరి క్షణాల్లో రోబీ హాన్స్‌దా గోల్ కొట్టడంతో బెంగాల్ 1-0తో గెలిచి 33వసారి ట్రోఫీ ఎత్తుకుంది.

మా వెనక వరసలో కేరళ కుర్రాళ్లు, మాదాపూర్ కంపెనీల్లో పనిచేసే ఐటీ పిల్లలు, డప్పులు తెచ్చుకుని కూర్చున్నారు. వాళ్ల జట్టు కోసం వాళ్లొచ్చారు. మనవాళ్లు ఎవరి కోసం రావాలి? అబ్బా చుట్టూ చూసి మెల్లగా అన్నారు: "మీ దాదా ఉంటే ఇక్కడ కూర్చోలేకపోయేవారు బేటా. ఆయన జమానాలో ఫైనల్ అంటే హైదరాబాదే."

మా వాడు ఫోన్లోంచి తలెత్తి, "దాదా, హైదరాబాద్ ఎప్పుడైనా గెలిచిందా?" అన్నాడు. వాడి ఒంటి మీద మాంచెస్టర్ సిటీ జెర్సీ ఉంది. ఇంగ్లండ్‌లో ఎఫ్‌ఏ కప్ ఎవరెవరు గెలిచారో వాడికి కంఠస్థం. అందులో వాడి తప్పేమీ లేదు. చెప్పాల్సినవాళ్లం మేము చెప్పలేదు. ఈ ఖిస్సా రాయడానికి కారణం అదే.

ముందు కప్ అంటే ఏమిటో చెప్పాలి. లీగ్‌లో ఏడాదంతా మేహనత్ చేసి పాయింట్లు కూడబెట్టాలి. కప్ అలా కాదు, ఓడితే ఇంటికే. ఆ ఒక్కరోజు నసీబ్ బాగుంటే చిన్నవాడు పెద్దవాణ్ణి పడగొట్టొచ్చు. ఇంగ్లండ్‌లో 1871-72లో ఎఫ్‌ఏ కప్ ఈ పద్ధతిలో మొదలైంది. అక్కడి సిపాయిలతో పాటే ఆ శౌక్ మన దేశానికీ వచ్చింది. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్, 1893లో కలకత్తాలో ఐఎఫ్‌ఏ షీల్డ్ పుట్టాయి. డ్యూరాండ్ అంటే అఫ్ఘానిస్తాన్ సరిహద్దు గీత గీయించిన ఆ డ్యూరాండ్ దొరే. గీత మీద తగువు ఇప్పటికీ తెగలేదు, కప్ మాత్రం నడుస్తూనే ఉంది.

మొదట్లో ఈ కప్పులన్నీ గోరా పల్టన్ల సొత్తు. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి షీల్డ్ గెలవడం అందరికీ తెలిసిన తారీఖే. అంతగా చెప్పుకోనివి ఇంకా రెండున్నాయి. రోవర్స్ కప్ గెలిచిన మొదటి హిందుస్తానీ జట్టు, 1937లో, బెంగళూరు ముస్లిమ్స్. డ్యూరాండ్ గెలిచిన మొదటి హిందుస్తానీ జట్టు, 1940లో, కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్. రాజకీయాల్లో ఎవరు ఎటు నిలబడ్డా, మైదాన్‌లో బూట్లు కట్టుకున్న పల్టన్ ఓడితే సంతోషం అందరిదీ.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. దాదా మరహూమ్ మల్లేపల్లిలో దర్జీ. షేర్వానీలు కుట్టేవారు. 1948 సెప్టెంబర్ తర్వాత షేర్వానీ కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారని ఆయన చెప్పేవారట. పోలీస్ యాక్షన్ నాటి సంగతులు మన ఇళ్లలో ఎవరూ పూర్తిగా చెప్పరు. సగం చెప్పి గ్లాసు నీళ్లు తాగి ఊరుకుంటారు. కొలువులు పోయినవాళ్లు, ఊళ్లు వదిలి పట్నం చేరినవాళ్లు, సరిహద్దు దాటిపోయిన చుట్టాలు. తలెత్తి నడవడానికి జనం జంకిన రోజులవి.

సరిగ్గా రెండేళ్లకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రైలెక్కింది. ఆ ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ ఎదురైంది. మొదటి మ్యాచ్ 2-2తో తేలలేదు. అప్పట్లో పెనాల్టీ షూటౌట్లు లేవు, మళ్లీ ఆడాల్సిందే. ఆ రెండో మ్యాచ్‌లో మనవాళ్లు 1-0తో గెలిచారు. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యూరాండ్ అది. కప్ హైదరాబాద్ వచ్చింది.

ఆ వార్త మొహల్లాకి ఎట్లా చేరిందో అబ్బా తన తండ్రి దగ్గర విన్నది మాకు చెప్పారు. ఇరానీ హోటల్లో ఒకాయన 'సియాసత్' పైకి చదివితే పదిమంది చాయ్ చల్లారబెట్టుకుని విన్నారట. "మళ్లీ చదువు మియా" అని మూడుసార్లు చదివించుకున్నారట. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్‌లతో పాటు సుసే లాంటివాళ్లూ ఉన్నారు. మసీదుకి పోయేవాడు, చర్చికి పోయేవాడు ఒకే జెర్సీలో ఆడారు. ఈ సంగతి చెప్పేటప్పుడు దాదా గొంతు మారేదట. ఇజ్జత్ ఎవరూ దానంగా ఇవ్వలేదు, బంతాట ఆడి తెచ్చుకున్నాం అనేవారట. నేనైతే అంత పెద్దమాట అనలేను. ఒక కప్పుతో పోయిన కొలువులు తిరిగి రాలేదు. కానీ ఆ సాయంత్రం ఆ హోటల్లో కూర్చున్నవాళ్లకి అది చిన్న విషయం కాదని మాత్రం అర్థమవుతుంది.

రోవర్స్ కప్ 1950లోనే కాదు, 51, 52, 53, 54లో కూడా సిటీ పోలీస్‌దే. వరసగా అయిదేళ్లు! ఓడితే ఇంటికే అనే పోటీలో అయిదేళ్లు ఇంటికి పోకుండా ఉండటం ఎంత కష్టమో లెక్క వేసుకోండి. డ్యూరాండ్‌ని మళ్లీ 1954లో, 1957లో గెలిచారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఇంకోసారి గెలిచారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో తెచ్చుకుంది.

దీని వెనక ఉన్నది ఒక స్కూలు ఉస్తాద్. జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు, ఉస్మానియాలో చదివారు, స్కూళ్లలో పాఠాలు చెప్పారు. 1950 నుంచి కన్నుమూసేదాకా సిటీ పోలీస్ జట్టుకి, దానితో పాటే దేశం జట్టుకి కోచ్‌గా ఉన్నారు. 'మైదాన్' సినిమా వచ్చాక ఆయన పేరు అందరికీ తెలిసింది. సినిమాల్లో కన్నీళ్లు ఎక్కువ, తాలీం తక్కువ. ఆయన అసలు హునర్ తాలీంలో ఉంది. ప్రాక్టీసు కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. బలహీనమైన కాలితోనే తన్నాలనే పోటీలూ పెట్టారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో ఆడి ఆడి, చివరికి రెండు కాళ్లవాడు అయ్యేవాడు. మైదాన్‌లో ఒక్కడు షోకులు పోతే ఆయనకి గిట్టదు.

సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ని పట్టుకొచ్చింది కూడా ఆయనే. రోజూ అంతదూరం నుంచి రావడానికి పైసల్లేవంటే, సైకిలు అద్దెకి తీసుకోమని రహీమ్ సాబ్ రూపాయి ఇచ్చేవారని బలరామ్ పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ కుర్రాడు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. జకార్తా నాటికే రహీమ్ సాబ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఇంతకాల్ అయ్యారు. అల్లాహ్ ఆయన్ని మగ్ఫిరత్ చేయుగాక.

ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోలేదు. మెల్లగా ఖాళీ అయింది. హునర్ ఉన్నవాడల్లా కలకత్తా రైలెక్కాడు. అక్కడ లక్ష కళ్ల మధ్య ఆట, చేతికి పైసలు. నయీముద్దీన్ వెళ్లారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకి ఆయనే కెప్టెన్. మహమ్మద్ హబీబ్ వెళ్లారు, కలకత్తా ఆయన్ని 'బడే మియా' అని పిలుచుకుంది. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, 2-2తో ముగిసిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ మన హబీబ్‌దే. ఆయన తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద పదిహేడో సెకన్‌లోనే గోల్ కొట్టాడు. షబ్బీర్ అలీ కూడా అటే వెళ్లారు. వీళ్లంతా మనవాళ్లే, కానీ వీళ్ల పాటలు బెంగాలీలు పాడుకున్నారు. హబీబ్ సాబ్ మాత్రం చివరికి హైదరాబాద్‌లోనే, 2023 ఆగస్టు 15న కన్నుమూశారు. మర్నాడు మా ఆఫీసు క్యాంటీన్‌లో ఆ మాటెత్తితే, ఏ హబీబ్ అని అడిగారు. సెలూన్ పేరు అనుకున్నాడు ఒక తమ్ముడు.

ఇక కప్పుల సంగతి. 1996లో నేషనల్ లీగ్ మొదలయ్యాక క్లబ్బులకి లీగే ముఖ్యమైపోయింది. రోవర్స్ కప్ 2000-01 తర్వాత జరగలేదు. నూట పదేళ్ల ఉమర్ ఉన్న పోటీ, జనాజా కూడా లేకుండా పోయింది. చిత్రమేమిటంటే అదే కాలంలో ఇంగ్లండ్‌లోనూ కప్పు వెలవెలబోయింది. 1999-2000లో మాంచెస్టర్ యునైటెడ్, గెలిచిన కప్‌ని నిలబెట్టుకోవడానికి ఆడకుండా, బ్రెజిల్‌లో ఇంకో టోర్నీకి వెళ్లిపోయింది. పెద్ద క్లబ్బులు రెండో వరస ఆటగాళ్లని దింపడం అలవాటు చేసుకున్నాయి. 2024-25 నుంచి మొదటి రౌండు మొదలుకొని అక్కడ రీప్లేలు కూడా ఎత్తేశారు. డ్రా అయితే అదే రోజు పెనాల్టీలు. పెద్ద క్లబ్బులకి తేదీలు దొరకవట. చిన్న ఊరి క్లబ్బుకి రీప్లే అంటే ఇంకోసారి పెద్ద మైదానం, ఇంకోసారి టికెట్ల పైసలు. దాంతో ఒక ఏడాది జీతాలు గడిచేవి. ఎత్తేసినవాళ్లకి అది పట్టలేదు.

మనకి ఆ మాత్రం ఉమ్మీద్ కూడా మళ్లీ ఇచ్చి లాక్కున్నారు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, గచ్చిబౌలి సొంత మైదానం. మొదటి సీజన్‌లో అట్టడుగున. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ ఛాంపియన్! ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచింది. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. మన జట్టు మన ఊరిని చూడకుండా కప్ గెలిచింది. నేను ఇంట్లో టీవీ ముందు ఒంటరిగా చప్పట్లు కొట్టాను. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. 1950లో హైదరాబాద్ ఢిల్లీకి పోయి కప్ పట్టుకొచ్చింది. ఇప్పుడు ఢిల్లీ వచ్చి జట్టునే పట్టుకుపోయింది.

అయితే కప్ మహిమ పూర్తిగా చచ్చిపోయిందని నేను అనను. 2025 డ్యూరాండ్‌లో డైమండ్ హార్బర్ అనే మూడేళ్ల పసి క్లబ్, మొదటిసారి ఆడుతూ, సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ని ఓడించింది. ఫైనల్లో నార్త్ ఈస్ట్ చేతిలో 6-1తో చిత్తయింది, అది వేరే మాట. ఆ సెమీఫైనల్ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మన దగ్గర లేనిది హునర్ కాదు. కొండాపూర్, నానక్‌రాంగూడల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే పచ్చటి టర్ఫులు రాత్రి పన్నెండింటికీ ఖాళీ ఉండవు. మా వాడు ఆడేదీ అలాంటి చోటే, గంటకి తలా ఇంత అని వేసుకుని. బార్కస్ పిల్లాడు అక్కడికి రాలేడు. వాడికి రూపాయి ఇచ్చి సైకిలు అద్దెకి తీసుకోమనే ఉస్తాద్ కావాలి.

ఆ డిసెంబర్ రాత్రి తిరుగు దారిలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. అబ్బా వెనక సీట్లో మనవడికి 1950 ఫైనల్ చెప్తున్నారు. మొదటి మ్యాచ్ 2-2 అనగానే వాడు అడ్డం వచ్చాడు.

"అయితే పెనాల్టీలు ఎవరు కొట్టారు దాదా?"

"పెనాల్టీలు లేవు బేటా. మళ్లీ ఆడారు."

"మొత్తం మ్యాచ్ మళ్లీనా?"

"మొత్తం," అన్నారు అబ్బా, రెండో మ్యాచ్ మొదలుపెడుతూ.