మోటారు సైకిలు పక్కపెట్టెలు

మోటారు సైకిలు పక్కపెట్టెలు అనగా దూరప్రయాణములలో సామాను తీసుకొనిపోవుటకు వాహనపు వెనుక చక్రమునకు ఇరువైపులా తగిలించే గట్టి పెట్టెలు. ఆంగ్లములో వీటిని ప్యానియర్లు అంటారు. తెలుగునాట మెకానిక్కులు, వాహనదారులు వీటిని సైడు బాక్సులు అని పిలుస్తారు. వెనుక సీటు తరువాత, టెయిల్ లైటు పైభాగములో బిగించే మూడవ పెట్టెను టాప్ బాక్సు అంటారు. పక్కపెట్టెలను అల్యూమినియము, ప్లాస్టిక్, ఇనుప రేకు, ఫైబర్ గ్లాసులతో తయారు చేస్తారు. వీటిని కొనేవారు సాధారణముగా మొదట చూసేది పెట్టెలో ఎన్ని లీటర్ల సామాను పడుతుందన్న విషయము. కాని ప్రయాణపు భద్రతను నిర్ణయించేవి పెట్టె సొంత బరువు, దాని వలన వాహనమునకు పెరిగే వెడల్పు, దానిని మోసే ర్యాకు గట్టితనము అనే మూడు అంశములు. చోడవరం మీదుగా విశాఖ మన్యములోకి పోయే ఘాట్ రోడ్ల వంటి మార్గములలో ఈ మూడింటి ప్రభావము స్పష్టముగా తెలుస్తుంది.

పేరు

ప్యానియర్ అనే మాట రొట్టెల బుట్ట అనే అర్థము గల లాటిన్ పదము నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లములోకి వచ్చినది. గాడిదలు, గుర్రముల వీపునకు ఇరువైపులా వ్రేలాడే బుట్టలను ఆ పేరుతో పిలిచేవారు. తెలుగులో ఇటువంటి దానికి పెరిక అనే మాట కలదు. ఎద్దు వీపున రెండు వైపులా వ్రేలాడునట్లు వేసే జంట గోనెను పెరిక అంటారు. రైళ్ళు రాకమునుపు లంబాడీలు సముద్రతీరపు ఉప్పును ఎద్దులపై ఈ విధముగానే లోతట్టు ప్రాంతములకు చేర్చేవారు. పెరికలో రెండు వైపులా బరువు సమానముగా లేనిచో అది ఒక ప్రక్కకు జారిపోతుంది. మోటారు సైకిలు పెట్టెలకు కూడా ఈ సూత్రమే మూలము.

చరిత్ర

1950వ దశకములో ఇంగ్లాండులో క్రేవెన్ అనే పేరుతో పక్కపెట్టెలు ప్రసిద్ధి చెందినవి. 1970వ దశకములో జర్మనీకి చెందిన క్రౌజర్ పెట్టెలు వచ్చినవి. తాళము తీసి, పెట్టెను సూట్‌కేసు వలె చేతితో పట్టుకొని గదిలోకి తీసుకొనిపోవుట వీటిలోని సౌకర్యము. 1980లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్ 80 జి/ఎస్ అనే వాహనమును విడుదల చేసిన తరువాత మట్టిరోడ్లపై దూరప్రయాణములు చేసేవారు పెరిగినారు. వీరు ప్లాస్టిక్ పెట్టెల కంటె దెబ్బలకు ఓర్చే అల్యూమినియము పెట్టెలవైపు మొగ్గు చూపినారు.

2004లో నటుడు ఇవాన్ మెక్‌గ్రెగర్, అతని మిత్రుడు చార్లీ బూర్మన్ లండను నుండి న్యూయార్కు వరకు చేసిన యాత్ర టెలివిజనులో ప్రసారమైన తరువాత ఈ పెట్టెలు ప్రపంచమంతటా ప్రచారము పొందినవి. అదే యాత్రలో మంగోలియాలోని దారుల మీద వారి బృందములోని ఒక వాహనపు ఛాసిస్ విరిగినది. అధిక భారము, చెడ్డ దారి కలిసినప్పుడు మొదట దెబ్బతినేది పెట్టె కాదు, దానిని మోసే భాగము అనుటకు ఇది ఒక ఉదాహరణ.

ఆంధ్ర దేశములో స్కూటరు డిక్కీ, మోటారు సైకిలుకు ఒక ప్రక్క బిగించే తాళపు పెట్టె చాలా కాలముగా వాడుకలో ఉన్నవి. పాలవారు బండికి రెండు వైపులా ఇనుప కమ్మీలతో చట్రము కట్టించి పాల క్యాన్లు తగిలించుకొనుట పల్లెలలో సర్వసాధారణము. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కె.టి.ఎం. 390 అడ్వెంచర్ భారతదేశపు విపణిలోకి వచ్చిన తరువాత యాత్రల కొరకు ప్రత్యేకముగా తయారైన పక్కపెట్టెల వాడకము పెరిగినది.

పెట్టెలలో రకములు

అల్యూమినియము పెట్టెలు: సాధారణముగా 1.5 నుండి 2 మిల్లీమీటర్ల మందము గల రేకుతో చేస్తారు. మూత పైకి తెరుచుకొనుట వలన సామాను క్రింద పడదు. సొట్ట పడితే సుత్తితో సరిచేయవచ్చును. కుదుపులకు లోపలి సామాను రేకుకు రాసుకొని నల్లని పొడి రాలుతుంది. అందుచేత బట్టలను లోపలి సంచిలో ఉంచవలెను.

ప్లాస్టిక్ పెట్టెలు: ఇటలీకి చెందిన జీవి, స్పెయిన్‌కు చెందిన షాడ్ మొదలగు సంస్థలు వీటిని తయారు చేస్తాయి. తారు రోడ్లపై ప్రయాణమునకు ఇవి అనుకూలము. చిన్న దెబ్బకు వంగి తిరిగి యథాస్థితికి వస్తాయి. పెద్ద దెబ్బకు పగులుతాయి, లేదా తగిలించే కొక్కెము విరుగుతుంది. ప్రక్కకు తెరుచుకొనే రకములో మూత తీయగానే సామాను జారిపడే అవకాశము కలదు.

ఇనుప రేకు పెట్టెలు: స్థానిక వెల్డింగు దుకాణములలో చేయించుకొనేవి. ధర తక్కువ, మరమ్మతు సులభము. కాని బరువు ఎక్కువ. సముద్రతీర ప్రాంతములలో ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి.

మెత్తని సంచులు: ఇవి పెట్టెలు కాకపోయినా పెట్టెలకు బదులుగా వాడతారు. తేలికగా ఉంటాయి, పడినప్పుడు కాలికి దెబ్బ తక్కువ. తాళము వేయుటకు వీలుండదు, బ్లేడుతో కోయవచ్చును, సైలెన్సరుకు ఆనితే కాలిపోతాయి.

బరువు లెక్క

ప్రతి వాహనమునకు తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ భారము ఉంటుంది. ఇది వాహనముతో పాటు ఇచ్చే పుస్తకములో ఉంటుంది. నడిపేవారు, వెనుక కూర్చొనేవారు, సామాను, పెట్టెలు, ర్యాకు అన్నీ ఈ పరిమితిలోనే ఇమడవలెను.

ఉదాహరణకు ఒక వాహనము 180 కిలోలు మోయగలదని అనుకొనిన, దుస్తులు, హెల్మెట్లతో కలిపి నడిపేవారి బరువు 75 కిలోలు, వెనుకవారి బరువు 60 కిలోలు పోగా మిగిలేది 45 కిలోలు. ర్యాకు 6 కిలోలు, పక్కపెట్టెలు రెండు కలిపి 10 కిలోలు, టాప్ బాక్సు దాని పలకతో సహా 5 కిలోలు అయినచో 21 కిలోలు ఖాళీ పెట్టెలకే పోతాయి. సామానుకు మిగిలేది 24 కిలోలు మాత్రమే. పెద్ద పెట్టెలు కొనినంత మాత్రమున ఎక్కువ సామాను మోయుటకు వీలు కలుగదు. పైగా ఖాళీ స్థలము కనిపించిన కొలది దానిని నింపే అలవాటు ఉండుట వలన పరిమితి తెలియకుండానే దాటిపోతుంది. జంటగా ప్రయాణించేవారికి ఈ ప్రమాదము ఎక్కువ.

పెట్టెకు కూడా వేరుగా పరిమితి ఉంటుంది. పలువురు తయారీదారులు ఒక్కొక్క ప్లాస్టిక్ పక్కపెట్టెకు 10 కిలోలు మించరాదని సూచిస్తారు. టాప్ బాక్సు వెనుక ఇరుసు కంటె వెనుకగా, ఎత్తుగా ఉండుట చేత అందులోని బరువు ముందు చక్రముపై భారమును తగ్గిస్తుంది. అప్పుడు ఎత్తైన మలుపులలో హ్యాండిలు తేలికై, వేగములో వాహనము ఊగుతుంది. అందువలన పనిముట్లు, నీరు, విడిభాగముల వంటి బరువైనవి పక్కపెట్టెల అడుగున, ముందుకు జరిపి ఉంచవలెను. వానకోటు, తేలికైన బట్టలు టాప్ బాక్సులో ఉంచవలెను. రెండు ప్రక్కల బరువులను చేతితో ఎత్తి అంచనా వేయుట కంటె స్ప్రింగు కాటాతో తూచుట మేలు.

వెడల్పు

పక్కపెట్టెలు బిగించిన తరువాత వాహనపు వెనుక భాగము కొన్నిసార్లు హ్యాండిలు కంటె వెడల్పుగా మారుతుంది. సందులో హ్యాండిలు దూరినదని ముందుకు పోయినచో పెట్టె తగులుకొని వాహనము తిరగబడుతుంది. సైలెన్సరు ఉన్న ప్రక్క పెట్టెను దూరముగా బిగించవలసి వచ్చుట దీనికి ముఖ్య కారణము. అందుచేత కొందరు తయారీదారులు సైలెన్సరు వైపు పెట్టెను చిన్నదిగా, లేదా లోపలివైపు గాడి ఉండునట్లు చేస్తారు. కొనుటకు ముందు రెండు పెట్టెల బయటి అంచుల మధ్య దూరమును కొలిచి హ్యాండిలు వెడల్పుతో సరిచూసుకొనవలెను.

ర్యాకు

పెట్టె ఎంత మంచిదైనా దాని భారమంతయు ర్యాకు ద్వారా వాహనపు వెనుక ఛాసిస్‌పై పడుతుంది. మంచి ర్యాకులో ఈ క్రింది లక్షణములు ఉంటాయి.

1. ప్రతి ప్రక్క కనీసము మూడు చోట్ల ఛాసిస్‌కు బిగించి ఉంటుంది.
2. ఎడమ, కుడి ర్యాకులను కలుపుతూ వెనుక చక్రము వెనుకగా ఒక అడ్డకమ్మీ ఉంటుంది. ఇది లేనిచో ర్యాకులు గుంతలలో లోపలికి, బయటికి ఊగి వెల్డింగు వద్ద విరుగుతాయి.
3. వెనుక స్ప్రింగు పూర్తిగా అణగినప్పుడు కూడా చక్రము, చైను దేనికీ తగలవు.
4. ఇండికేటర్లు, వెనుక దీపము, నంబరు పలక మరుగుపడవు.

ఇనుప ర్యాకు విరిగినచో చిన్న పట్టణములోని వెల్డింగు దుకాణములో కూడా అతికించవచ్చును. అల్యూమినియము అతికించుటకు సాధారణముగా ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగు అవసరము, అది అన్ని చోట్ల లభించదు. వాహనముపై వెల్డింగు చేయునప్పుడు బ్యాటరీ తీగలను ముందుగా ఊడదీయవలెను, లేనిచో ఎలక్ట్రానిక్ భాగములు పాడగును. ర్యాకును విడదీసి వెల్డింగు చేయించుట ఉత్తమము.

భద్రత

గట్టి పెట్టెల వలన కలిగే ముఖ్యమైన ప్రమాదము కాలికి సంబంధించినది. ఇసుకలో, బురదలో వాహనము అదుపు తప్పుచున్నప్పుడు నడిపేవారు సహజముగా కాలు నేలపై ఆనిస్తారు. వాహనము ముందుకు కదులుట వలన కాలు వెనుకకు పోయి పెట్టెకు, నేలకు మధ్య చిక్కుకుంటుంది. చీలమండ, పిక్క ఎముకలు ఈ విధముగా విరుగుతాయి. ఫుట్‌రెస్టుకు, పెట్టె ముందు అంచుకు మధ్య ఎక్కువ దూరము ఉన్న పెట్టెలను ఎన్నుకొనుట, చీలమండను కప్పే బూట్లు ధరించుట, చెడ్డ దారిలో పాదములను ఫుట్‌రెస్టులపైననే ఉంచుట దీనికి నివారణలు. ఎక్కువగా మట్టిదారులలో ప్రయాణించేవారు ఈ కారణము చేతనే మెత్తని సంచులను కోరుకుంటారు. మరొక ప్రక్క, నిలబడి ఉన్న వాహనము పడిపోయినప్పుడు గట్టి పెట్టె ఇంజనును, వెనుక భాగమును కొంతవరకు కాపాడుతుంది.

చట్టము

భారతదేశములో 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 123వ నియమము ప్రకారము వెనుక మనిషి కూర్చొనే మోటారు సైకిలుకు చేతిపిడి, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రములో చిక్కుకొనకుండా వెనుక చక్రమును కనీసము సగము కప్పే రక్షణ ఉండవలెను. వాడుకలో దీనిని శారీ గార్డు అంటారు. ర్యాకు బిగించుటకు అడ్డమని దీనిని తీసివేయుట కలదు. చీర, చున్నీ ధరించినవారు వెనుక కూర్చొనేటప్పుడు ఇది ప్రాణాంతకము కాగలదు. శారీ గార్డుతో పాటు అమరే ర్యాకును ఎన్నుకొనవలెను, లేదా ర్యాకులోనే ఆ రక్షణ ఉన్నదో లేదో చూసుకొనవలెను.

2020లో చేసిన సవరణ ప్రకారము మోటారు సైకిలుపై అమర్చే తేలికైన పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించరాదు. పెట్టెను వెనుక సీటు స్థానములో ఉంచినచో నడిపేవారు ఒక్కరే ప్రయాణించవలెను. సీటు వెనుక ఉంచినచో రెండవవారు కూర్చొనవచ్చును.

చోడవరం మీదుగా మన్యపు మార్గము

చోడవరం అనకాపల్లి నుండి సుమారు 20 కిలోమీటర్ల దూరములో ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, తరువాత కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. భీమునిపట్నం - నర్సీపట్నం రహదారి ఈ పట్టణము మీదుగా పోతుంది. ఇక్కడి నుండి వడ్డాది, మాడుగుల వైపు పోయి, ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు చేరవచ్చును. పాడేరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది, 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రము. పాడేరు నుండి ఒక దారి అరకు లోయకు, మరొక దారి చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నమునకు పోతుంది. నర్సీపట్నం నుండి తిరిగి చోడవరం చేరినచో వలయము పూర్తి అగును.

పక్కపెట్టెలను పరీక్షించుకొనుటకు ఈ వలయము అనువైనది. మైదానములో రద్దీ, గుంతల రోడ్లు, ఘాట్ రోడ్డులో ఎక్కుడు, మలుపులు, దిగుడు అన్నీ ఇందులో ఉన్నవి. లంబసింగి చలికి యాత్రికులు ఎక్కువగా వచ్చే డిసెంబరు, జనవరి నెలలు చోడవరం ప్రాంతములో చెరకు రవాణా జరిగే కాలము కూడా. చెరకు గడలు ప్రక్కలకు పొడుచుకొని వచ్చిన ట్రాక్టర్లు, లారీల ప్రక్కగా పోవునప్పుడు వాహనపు అసలు వెడల్పు ఎంత అన్నది అనుభవములోకి వస్తుంది. చలికాలపు ఉదయములలో మంచు దట్టముగా ఉండుట వలన పెట్టెల వెనుక ఎర్రని ప్రతిఫలించే పట్టీలు అతికించుట మంచిది. దిగుడులో సామాను బరువు వాహనమును ముందుకు నెట్టుతుంది. ఎడతెరపి లేకుండా బ్రేకు వాడినచో అది వేడెక్కి పట్టు తగ్గుతుంది కనుక తక్కువ గేరులో దిగవలెను.

లడఖ్ వంటి దూరప్రాంతములకు పోవుటకు ముందు, తీసుకొనిపోదలచిన పూర్తి సామానుతో ఇటువంటి మార్గములో రెండు రోజులు తిరిగి, ఏ వస్తువు అవసరము లేదో గమనించి దానిని తగ్గించుకొనవలెను.

ప్రయాణమునకు ముందు చూడవలసినవి

1. కొత్త ర్యాకు బోల్టులను మొదటి 100 కిలోమీటర్ల తరువాత, ఆపై ప్రతి ఉదయము బిగించి చూడవలెను.
2. ఖాళీ పెట్టెలో పాత వార్తాపత్రిక ఉంచి మూత పైనుండి బకెట్టుతో నీరు పోయవలెను. కాగితము తడిసినచో రబ్బరు పట్టీ మార్చవలెను.
3. తయారీదారు సూచించిన ప్రకారము టైర్లలో గాలి, వెనుక స్ప్రింగు బిగువు పెంచవలెను.
4. బరువు వలన వెనుక భాగము దిగి హెడ్‌లైటు పైకి లేస్తుంది, దానిని సరిచేయవలెను.
5. అన్ని పెట్టెలకు ఒకే తాళము ఉండునట్లు చూసుకొని, రెండవ తాళముచెవిని వేరొకచోట ఉంచవలెను.
6. వాహనమును రైలులో పార్సిలుగా పంపునప్పుడు పెట్రోలు పూర్తిగా తీసివేయవలెను. పెట్టెలను విడదీసి వెంట తీసుకొనిపోవుట మంచిది.

ఇవి కూడా చూడండి

మోటారు సైకిలు
హెల్మెట్
చోడవరం
మాడుగుల
పాడేరు
లంబసింగి