పాత ఫిల్మ్ కెమెరాకు కొత్త డిజిటల్ లెన్స్: మౌంట్ చరిత్ర

డిజిటల్ కెమెరా కోసం తయారైన లెన్స్‌ను పాత ఫిల్మ్ కెమెరాకు వాడవచ్చా? ఈ ప్రశ్న మీకు సాంకేతికమైనదిగా అనిపించవచ్చు. కానీ దీనికి జవాబు జపాన్‌కు చెందిన నికాన్, కెనాన్ కంపెనీలు వేర్వేరు కాలాల్లో తీసుకున్న నిర్ణయాలలో ఉంది.

లెన్స్‌ను కెమెరాకు బిగించే లోహపు అమరికను మౌంట్ అంటారు. నికాన్ 1959లో తన 'ఎఫ్' కెమెరాతో తెచ్చిన మౌంట్ ఆకారాన్ని డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలలోనూ కొనసాగించింది. కెనాన్ మాత్రం 1987లో ఈఓఎస్ కెమెరాలతో 'ఈఎఫ్' అనే కొత్త మౌంట్‌కు మారింది. 1971 నుంచి అమ్ముతూ వచ్చిన 'ఎఫ్‌డీ' లెన్స్‌లు దానికి నేరుగా సరిపోవు. ఖరీదైన ఎఫ్‌డీ లెన్స్‌లు కూడబెట్టుకున్న ఫోటోగ్రాఫర్లకు ఇది గట్టి దెబ్బే.

అయితే ఇక్కడ ఒక వింత గమనించండి. ఈఎఫ్ మౌంట్‌లో ఫోకస్, ఎపర్చర్ (అంటే లెన్స్ లోపలి కాంతి రంధ్రం) రెండింటికీ కెమెరా నుంచి ఆదేశాలు విద్యుత్ సంకేతాలుగానే అందుతాయి. అందువల్ల డిజిటల్ కాలంలో తయారైన ఈఎఫ్ లెన్స్ 1987 నాటి ఈఓఎస్ 650 ఫిల్మ్ కెమెరా మీద కూడా సాధారణంగా పనిచేస్తుంది. గతాన్ని తెంచుకున్న కంపెనీయే తర్వాతి తరాలకు ఎక్కువ సౌలభ్యం ఇచ్చిందన్నమాట.

నికాన్ కథ ఇందుకు భిన్నం. పాత నికాన్ కెమెరాలలో లెన్స్ మీది వలయాన్ని తిప్పి ఎపర్చర్‌ను ఎంచుకోవాలి. 2000 ప్రాంతం నుంచి వచ్చిన 'జి' రకం లెన్స్‌లకు ఆ వలయం లేదు. అలాంటి లెన్స్‌ను పాత కెమెరాకు బిగిస్తే వ్యూఫైండర్‌లో దృశ్యం వెలుగుగానే కనిపిస్తుంది. బటన్ నొక్కగానే రంధ్రం పూర్తిగా ముడుచుకుంటుంది. ఆ తర్వాతి 'ఇ' రకంలో జరిగేది దీనికి తలకిందులు: రంధ్రాన్ని కదిపేది విద్యుత్తు కాబట్టి, ఆ సంకేతం లేనప్పుడు అది తెరుచుకునే ఉంటుంది. 1996 నాటి ఎఫ్5, 2004 నాటి ఎఫ్6 'జి' రకాన్ని నడపగలవు, 'ఇ' రకం ఎపర్చర్‌ను నడపలేవు. కాబట్టి "నికాన్ మౌంట్ మారలేదు" అని ఎక్కడైనా చదివితే, మారనిది ఆకారమా, పనితీరా అని అడగండి.

చిత్ర పరిమాణం మరో చిక్కు. ఫిల్మ్ ఫ్రేమ్ 24×36 మిల్లీమీటర్లు. నికాన్ 'డీఎక్స్' లెన్స్‌లు సుమారు 16×24 మిల్లీమీటర్ల సెన్సర్ కోసం చేసినవి. ఫిల్మ్ మీద వాటి చిత్రానికి మూలలు సాధారణంగా నల్లబడతాయి. కెనాన్ 2003లో తెచ్చిన 'ఈఎఫ్-ఎస్' లెన్స్‌లైతే ఫిల్మ్ ఈఓఎస్ కెమెరాలకు అసలు బిగవవు.

అభ్యాసం: మీకు దొరికిన ఏదైనా నికాన్ ఎస్ఎల్ఆర్ లెన్స్‌ను తీసుకోండి. దానికి ఎపర్చర్ అంకెల వలయం ఉందా? లేకపోతే, ఎఫ్ సంఖ్య పక్కనున్న అక్షరాన్ని బట్టి 1959 నాటి కెమెరా మీద దాని రంధ్రం ఎలా ప్రవర్తిస్తుందో రాయండి.