ఓరుగల్లు ప్రాంతంలో లయ శిక్షణ, బృందవాద్యం

సంగీతం కొత్తగా నేర్చుకునే పిల్లలకు కాలం తప్పకుండా నిలబెట్టుకోవడం, తాళం పట్టడం, పదిమందితో కలిసి ఒకే నడకలో పాడడం, వాయించడం అలవాటు చేసే పద్ధతుల చరిత్ర ఈ వ్యాసానికి విషయం. వరంగల్ అంటే ఇక్కడ పాత ఉమ్మడి జిల్లా. ఇప్పుడది హనుమకొండ, వరంగల్, ములుగు, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. ఈ నేలమీద లయ ప్రధానంగా గుంపులోనే నేర్చుకున్న విద్య. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి ఏళ్ళపాటు పాఠం చెప్పి, ఆ తర్వాత ఎప్పుడో నలుగురితో కలిపే క్రమం ఇక్కడి బళ్ళలోకి సంగీత కళాశాలల పాఠ్యక్రమం వెంట వచ్చింది. కచేరీ విద్వాంసుణ్ణి తయారుచేయడానికి ఆ క్రమం బాగానే పనికొస్తుంది. నలభై మంది కూర్చున్న ఆరో తరగతి గదికి మాత్రం పాత క్రమమే సరైనదని చరిత్ర చూస్తే అనిపిస్తుంది.

రాతపూర్వకమైన సాక్ష్యం పదమూడో శతాబ్దం నుంచి దొరుకుతుంది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళానికి అధిపతి) జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో నాలుగు మార్గ పద్ధతికి, నాలుగు దేశి పద్ధతికి కేటాయించాడు. అంటే శాస్త్రానికి ఎంత చోటిచ్చాడో ప్రాంతాల్లో ఆడే ఆటలకూ అంతే ఇచ్చాడు. దేశి భాగంలో పేరణి (ఇప్పటి వాడుకలో పేరిణి), రాసకం, చర్చరి, కోలలు పట్టి ఆడే దండరాసకం కనిపిస్తాయి. పేరణికి చెప్పిన అయిదు అంగాల్లో ఘర్ఘరం మొదటిది. ఒంటిమీద మిగతావన్నీ అదుపులో ఉంచి, కాలి గజ్జెలతోనే తాళాన్ని పలికించడం దాని పని. గజ్జె పెద్దగా మోగాలా, సన్నగా మోగాలా, అసలు మోగకుండా అడుగు పడాలా అన్న తేడా తెలిస్తేనే ఘర్ఘరం వచ్చినట్టు. ఆట నేర్చేవాడికి లయ ముందు కాలికి తెలియాలన్న ఊహ ఇందులో ఉంది. జాయపవే అని చెప్పే గీతరత్నావళి, వాద్యరత్నావళి దొరకలేదు. అవి దొరికి ఉంటే వాద్యం ఎలా నేర్పేవారో ఇంకా సూటిగా తెలిసేది.

1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పాల్లో నర్తకీమణుల పక్కన మద్దెల వాయించేవాళ్ళు, తాళాలు వేసేవాళ్ళు ఉంటారు. కోలాటం ఆడే వరుసలూ ఉన్నాయి. దీన్ని చూపించి 'కాకతీయుల కాలంలో సంగీత పాఠశాలలు ఇలా ఉండేవి' అనేవాళ్ళున్నారు. అది కుదరదు. శిల్పం ప్రదర్శనను చూపిస్తుంది, అభ్యాసాన్ని చూపించదు. నృత్తరత్నావళి కూడా పిల్లల వాచకం కాదు, పండితుడి లక్షణ గ్రంథం. ఈ రెండింటినుంచి తీసుకోగలిగింది ఒక్కటే: ఆట, పాట, వాద్యం ఇక్కడ విడివిడి విద్యలుగా కాక ఒకే మేళంగా నిలిచాయి. పాలకుర్తి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర' దీనికి మరో సాక్ష్యం. శ్రీశైలంలో శివరాత్రికి చేరిన జనం ఆటపాటలను, వాద్యాలను సోమనాథుడు అందులో వరసపెట్టి వర్ణించాడు. రాసింది ద్విపదలో. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండే ఈ ఛందస్సు ఒకరు అందిస్తే పదిమంది అందుకోవడానికి వీలైన కొలత. ఓరుగల్లు వీధుల్ని ఇతివృత్తంగా చేసుకున్న 'క్రీడాభిరామం' పల్నాటి వీరగాథను తాళవాద్యంతో పాడే స్త్రీని చూపిస్తుంది. రాజాస్థానం, గుడి, వీధి ఈ మూడుచోట్లా లయ కనిపిస్తుంది. ఒంటరి సాధన మాత్రం ఎక్కడా ప్రధానంగా కనబడదు.

అయితే గ్రంథాలకంటే గట్టి సాక్ష్యం ఇప్పటికీ ఏటా కళ్ళముందే నడుస్తోంది. బతుకమ్మ ఆటను శిక్షణ దృష్టితో చూడాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గరైనా, పద్మాక్షి గుట్ట కిందైనా జరిగే తీరు ఒకటే. నడుమ బతుకమ్మలు పెడతారు, చుట్టూ వలయం కడతారు. ఒకామె చరణం అందుకుంటుంది, మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అనో 'కోల్' అనో వంత కలుపుతారు. చరణం మారుతూ ఉంటుంది, వంత మారదు. వంగి చప్పట్లు కొట్టి, లేచి, ఒక అడుగు పక్కకు వేస్తారు. అయిదేళ్ళ పిల్ల వలయంలోకి వచ్చినప్పుడు ఆమెకు చేతనయ్యేది చప్పట్లే. అదీ మొదట తప్పుతుంది. ముందున్న వీపు, పక్కనున్న చేతులు చూసి సర్దుకుంటుంది. తర్వాత వంత నోటికి వస్తుంది. చరణం అందుకునే రోజు ఎన్నో ఏళ్ళకు వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. రాకపోయినా ఆమె ఆటలో ఉన్నట్టే లెక్క. మొదటి రోజునుంచే పూర్తి సంగీతం మధ్యలో నిలబెట్టి, ఆమె చేయాల్సిన భాగాన్ని మాత్రం చిన్నదిగా ఉంచడం ఇందులోని పద్ధతి. కొత్తవాళ్ళు చేసే ప్రధానమైన తప్పు, అంటే తెలియకుండానే నడక పెంచి పరుగెత్తడం, ఇక్కడ పెద్దగా సాగదు. వంగి లేవడానికి ఒంటికి పట్టే సమయమే కాలప్రమాణాన్ని కాపాడుతుంది.

ఒగ్గుకథలోనూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. ఐనవోలు మల్లన్న జాతరలో పట్నాలు (రంగుల ముగ్గులు) వేసి కథ చెప్పే ఒగ్గు బృందంలో ప్రధాన కథకుడి వెంట వంతపాడేవాళ్ళు, డోలు, తాళాలు, నపీర వాయించేవాళ్ళు ఉంటారు. కథ రాత్రంతా సాగుతుంది. కథకుడు వచనంలోకి దిగితే డోలు తగ్గాలి, పాటలోకి వస్తే ఎత్తుకోవాలి, నవ్వించేచోట ఒక్క దెబ్బతో ముక్తాయించాలి. ఇది కాగితంమీద రాసుకుని నేర్చేది కాదు, పక్కన కూర్చుని చెవితో పట్టేది. జనగామ ప్రాంతం మాణిక్యాపురం నుంచి వచ్చి ఈ కళకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. అదే జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళకోసారి మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మోగే కోయ డోలీల తీరు మరొకటి. దానికీ రాతలో పాఠం లేదు.

ఇక కళాశాల పద్ధతి. వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో, రాష్ట్రంలోని ఇతర ప్రభుత్వ సంగీత కళాశాలల్లో మాదిరిగానే, నాలుగేళ్ళ సర్టిఫికెట్, రెండేళ్ళ డిప్లొమా చదువులు నడుస్తాయి. గాత్రంలో చేరినవాళ్ళు పురందరదాసు ఏర్పరచినవిగా చెప్పే సరళీ స్వరాలతో మొదలుపెడతారు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు: లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆపైన రెండు ద్రుతాలకు దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేయి కదలకుండా అదే వేగంలో ఉండి గొంతు మాత్రం రెట్టింపు కావాలి. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. గొంతుతోపాటు చేయీ పరుగెత్తుతుంది. తర్వాత సప్తతాళ అలంకారాల్లో ధ్రువతాళం పద్నాలుగు, మఠ్యం పది, త్రిపుట ఏడు అక్షరాలతో లెక్క చిక్కబడుతుంది. మృదంగం పిల్లలు 'తకిట', 'తకధిమి' చొప్పున జతులు నోటితో చెప్పి, ఆనక చేతికి తెచ్చుకుంటారు. లెక్క విషయంలో ఈ పద్ధతికి సాటి లేదు. కాకపోతే ఇందులో పరీక్ష ఒక్కొక్కరికే. ఇద్దరు మృదంగం విద్యార్థులు ఒకరినొకరు విని సర్దుకోగలరా అన్న ప్రశ్నకు మార్కులు ఉండవు. లేనిదానికి సాధన కూడా ఉండదు.

ఈ రెండు దారులూ కలిసిన సందర్భం పేరిణి పునరుద్ధరణ. నటరాజ రామకృష్ణ (1923-2011) నృత్తరత్నావళిని, రామప్ప శిల్పాలను దగ్గర పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్ళీ రూపొందించి, 1985లో రామప్ప గుడిలోనే ప్రదర్శింపజేశారు. మధ్యలో శతాబ్దాల ఖాళీ ఉంది కాబట్టి ఇది అచ్చంగా జాయప చూసిన ఆటే అనుకోనక్కరలేదు. ఆధునిక పునర్నిర్మాణం అనడమే న్యాయం. శిక్షణ చరిత్రలో దీని విలువ వేరేచోట ఉంది. గజ్జెల గుంపు, తాళవాద్యాల గుంపు ఒకదాన్నొకటి వింటూ నడవడం ఇందులో తప్పనిసరి. ఒక్కడు తప్పితే వరుసంతా చెడుతుంది. రాష్ట్రం ఏర్పడ్డాక పేరిణి ప్రభుత్వ సంగీత కళాశాలల్లో పాఠ్యాంశమైంది కూడా.

సాధారణ ప్రభుత్వ బడిలో పిల్లలకు రోజూ దొరికే బృందగానం ఉదయం ప్రార్థన ఒక్కటే. జాతీయగీతం పూర్తి పాఠానికి నిర్ణయించిన సమయం సుమారు 52 సెకన్లు. గోడ గడియారం పెట్టుకుని చూస్తే ఏ బడి పిల్లలకైనా తమ లయ ఎంత జారుతోందో తెలుస్తుంది. దానికి ఖర్చు లేదు. ఆ గీతానికి 1919లో మన మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలోనే, ఠాగూర్ అక్కడున్నప్పుడు, మార్గరెట్ కజిన్స్ సాయంతో స్వరలిపి ఏర్పడిందన్నది చాలామందికి తెలుసు. అది పదిమంది విద్యార్థులు కలిసి పాడడానికే తయారైందన్న సంగతి అంతగా గుర్తుండదు. 2024 నుంచి 'జయ జయహే తెలంగాణ' రాష్ట్రగీతంగా దీనికి తోడైంది. జాతీయ విద్యావిధానం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి తెచ్చిన 'కృతి' పుస్తకంలో సంగీతం, నాట్యం, నాటకం, చిత్రకళ నాలుగూ ఉన్నాయి. పుస్తకం ఉండడం మంచిదే, నేర్పేవాళ్ళుంటే.

గుంపు పద్ధతిమీద సంగీత ఉపాధ్యాయులు చెప్పే అభ్యంతరాల్లో బలమైనది ఇది: గుంపులో రానివాడు దాక్కుంటాడు. పక్కవాడి చేతిని చూసి చప్పట్లు కొట్టే పిల్ల పదేళ్ళయినా తనంతట తాను తాళం పట్టలేకపోవచ్చు. బతుకమ్మ వరకు ఈ మాట నిజం. కోలాటానికి వర్తించదు. ఎదుటివాడి కోలకు తన కోల తగలకపోతే తప్పు ఎవరిదో ఇద్దరికీ అక్కడే తెలుస్తుంది. జడకోలాటంలో దాపరికం అసలే లేదు. పైనుంచి వేలాడే తాళ్ళను ఆడుతూ జడగా అల్లి, మళ్ళీ అదే క్రమాన్ని తిరగేసి విప్పాలి. ఒక్కరు దారి తప్పితే ముడి పడి అందరూ ఆగాల్సిందే. కాబట్టి గుంపు అనగానే అన్నీ ఒకటి కావు. చప్పట్ల వలయం ధైర్యమిస్తుంది, జంట కోలలు తప్పును పట్టిస్తాయి, ఆ తర్వాతే సప్తతాళాల లెక్క. ఒంటితో మొదలయ్యే ఈ వరస వేరే దేశాల్లోనూ కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో సంగీత అధ్యాపకుడు డాల్‌క్రోజ్ తన విద్యార్థులకు లయ ఒంట్లోకి ఎక్కడం లేదని గమనించి నడకతో, కదలికతో నేర్పడం మొదలుపెట్టాడు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ 1950-54 మధ్య అచ్చువేసిన సంపుటాల్లో మాట, చప్పట్లు, పిల్లలకు అందే వాద్యాలు అన్న దారి పట్టాడు. మనమే ముందు కనిపెట్టామని చంకలు గుద్దుకోవాల్సిన పని లేదు. వాళ్ళు దాన్ని బడిలోకి తెచ్చారు, మనం బడి బయటే ఉంచాం.

రెండో అభ్యంతరం కులానిది. ఇది ఇంకా బరువైనది. డోలు ఒక కులానికి, డప్పు మరో కులానికి కట్టిపడేసిన సమాజంలోనే ఆ గుంపు విద్య పెరిగింది. డప్పు కొట్టడం తరతరాలుగా వెట్టిగా జరిగింది. చావుకు పిలిచి, పెళ్ళి పందిట్లోకి రానీయని వాద్యం అది. దాన్ని తెచ్చి బడిలో 'సంస్కృతి' అని ముద్దుచేస్తే సరిపోతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ డప్పు అక్కడే ఆగిపోలేదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం దాన్ని ఆత్మగౌరవ చిహ్నం చేసింది. 2002లో మొదలైన ధూంధాం సభలు తెలంగాణ ఉద్యమంలో దాన్ని అందరి వాద్యంగా నిలబెట్టాయి. డప్పును మంటకు కాచి బిగువు తెచ్చుకోవడం, ఒక చేత లావు సిర్ర, ఇంకో చేత సన్నని చిటికెన పుల్ల పట్టి రెండు రకాల నాదం పలికించడం ఏ కులం పిల్లకైనా నేర్పదగిన విద్య. నేర్పాల్సింది తెలిసినవాళ్ళే, అదీ జీతంమీద. వార్షికోత్సవం రోజు వేదిక ముందు కొట్టించి, శాలువా కప్పి పంపేస్తే పాత వెట్టికి కొత్త వేషం వేసినట్టే.

వరంగల్‌కు ఈ విషయంలో ఉన్న సౌకర్యం మరే పట్టణానికీ సులువుగా దొరకదు. తాళశాస్త్రం చెప్పే విద్యారణ్య కళాశాల ఇక్కడే ఉంది. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఇక్కడే ఉంది. ఒగ్గు, చిందు, డప్పు కళాకారులు చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు. ఈ మూడుచోట్ల నుంచీ నేర్పేవాళ్ళను ఒకే బడికి, వారానికి రెండు పీరియడ్లు పంపే ఏర్పాటు విద్యాశాఖ చేయాలి. సంగీత ఉపాధ్యాయుడి అర్హతల్లో పదిమంది పిల్లల్ని ఒక లయలో నడిపించగలగడాన్ని చేర్చి, దానికి కూడా పరీక్ష పెట్టాలి.