కీర్తనము – కృతి



భజనలో పాడునది కీర్తనమనియు, సభలో విద్వాంసులు పాడునది కృతియనియు పలువురు చెప్పుచుందురు. కొందఱంతటితో నిలువక, కీర్తనము తక్కువది, కృతి యెక్కువది యని తలంతురు. ఈ తలంపు పొరపాటని మా యభిప్రాయము. దానివలన కలుగు నష్టమును గూడ నిట విన్నవింతుము.

కీర్తించుట యనగా పొగడుట. కావున కీర్తనమునందు సాహిత్యమే ప్రధానము. పల్లవి యొకటి, చరణములు పెక్కులు. చరణములన్నియు సామాన్యముగా నొక్క వరుసనే నడచును. ఒకరు చెప్పగా పదుగు రందుకొనుటకు వీలైన నడక యిది. కృతి యనగా చేయబడినది, రచన. ఇందు రాగము ప్రధానము. పల్లవి, అనుపల్లవి, చరణములతో, సంగతులతో, ఒక్కొక్కచో చిట్టస్వరములతో రాగస్వరూపము క్రమముగా వికసించును.

చరిత్రమును జూడుడు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) సంకీర్తనములను రచించిరి. 17వ శతాబ్దమున భద్రాచల రామదాసుగారి కీర్తనములు వెలసెను. త్యాగరాజస్వామివారు (1767–1847) రెండు మార్గములను ద్రొక్కిరి. ఉత్సవసంప్రదాయ, దివ్యనామ కీర్తనములను భజనకొఱకు రచించిరి. సంగతులతో నిండిన కృతులను సంగీతలోకమున కొసంగిరి. ఒక్క మహానుభావుడే రెండింటిని రచింపగా, అందు హెచ్చుతగ్గుల నెంచుట కెవ్వరికి చెల్లును? ఘనరాగ పంచరత్నములను తిరువయ్యారున ఎందఱో కలిసి పాడుదురు. అయినను నిర్మాణమునుబట్టి యవి కృతులే. సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున తెలుగున ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'యందు ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు సయితము కీర్తనములనియే పేర్కొనబడినవి. కీర్తనము మూలము; కృతి దానినుండి పెరిగిన శాఖ. భేదము ప్రయోజనమునందేగాని గౌరవమునందు గాదు.

ఇక నష్టము. తిరుమల రాగిరేకులమీద అన్నమాచార్యుల సాహిత్యమును రాగనామములును గలవు, స్వరములు లేవు. పాడువారి పరంపర తెగిపోగా మొదటి వరుసలును పోయినవి. నేడు మనము వినునవి చాలవఱకు 20వ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగు పెద్దలు కూర్చినవే. కృతులకు శిష్యపరంపరయు స్వరలిపియు కాపుదల యయ్యెను. భజనపాటకు స్వరలిపి యేల యను నుపేక్షవలన కీర్తనమున కా కాపుదల పలుచోట్ల దొరకదాయెను.

మన కుటుంబములందును తాతల నాటి వరుసల నెఱిగిన వృద్ధులు గలరు. వారిది వట్టి భజనపాటయే గదా యని యుపేక్షింపక, వారు పాడుచుండగనే రికార్డు చేయించి, తెలిసినవారిచే స్వరపఱచి వ్రాయించి యుంచవలయును. ఊరూర నిట్టి పని జరుగుటకు పోషకమహాశయులు చేయూత నొసంగుదురు గాక. రాగిరేకులంతటి రక్షణలో మాటలు నిలిచియు వరుసలు నిలువలేదు. కాగితమైనను లేని మన యూరి పాట యెన్నాళ్లు నిలుచును? ఈ ప్రశ్నను సభ్యులెల్లరు యోచింతురని ప్రార్థించుచున్నాము.