డయోడు వక్రరేఖ: గెలీనా నుండి తిరుత్తణి రైలుమార్గము వరకు

ఓమ్ పండితుడు 1827లో ప్రకటించిన నియమము ననుసరించి, లోహపుతీగకు వోల్టేజిని రెట్టింపు చేసినచో ప్రవాహమును రెట్టింపగును. తీగను తిరుగవేసినను లెక్క మారదు. 1874లో లైప్జిగ్ నగరమున బడిపంతులుగా నున్న ఫెర్డినాండ్ బ్రౌన్, గెలీనా మొదలగు ఖనిజములపై లోహపు మొన నానించి పరీక్షింపగా, విద్యుత్తు ఒక దిశను సులభముగను, మరియొక దిశను కష్టముగను పారుట కనబడెను. కారణ మప్పటి కెవ్వరికిని తెలియదు. అయినను జగదీశచంద్ర బోసు ఆ గెలీనానే రేడియో తరంగములను పసిగట్టుటకు వినియోగించి, 1904లో అమెరికా పేటెంటును బడసెను. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడిన 1924 నాటికిని, క్రిస్టల్ సెట్టు గలవారు ఖనిజమును సన్నని తీగమొనతో తడవుచు, చక్కగా పలుకు తావును వెదకుకొనుచునే యుండిరి.

ఒక దిశనే సులభముగా పారనిచ్చు ఇట్టి సాధనమునకు, అనగా డయోడునకు, గణితమును సమకూర్చినది 1949లో విలియం షాక్లీ ప్రకటించిన పి-ఎన్ సంధి (పి, ఎన్ అను రెండు తరగతుల అర్ధవాహకములు కలియు చోటు) సిద్ధాంతము. ప్రవాహము వోల్టేజికి అనులోమముగా గాక ఘాతీయముగా పెరుగునని ఆయన నిరూపించెను: గది ఉష్ణోగ్రతయందు ఆదర్శ డయోడునకు సుమారు 60 మిల్లీవోల్టులు పెంచినప్పుడెల్ల ప్రవాహము పదింతలగును. సిలికాను డయోడు 0.6 వోల్టు వరకు నిద్రించి పిమ్మట మేల్కొనునని విద్యార్థులకు చెప్పుట సౌకర్యమే గాని సత్యము గాదు. వోల్టేజికి ప్రవాహమును గీచిన వక్రరేఖలో అట్టి గడప యేదియు లేదు, అత్యల్ప ప్రవాహము పదింతలగుచు పోయి మన మీటరునకు అందుచున్నది, అంతియే. ఎదురు దిశలో స్వల్ప స్రావమే యుండును. వోల్టేజి హద్దు మీరెనా, అదియు వెల్లువగును.

రేడియోకు ఈ రేఖ యొక్క పాదభాగము చాలును. రైలింజనునకు ఎదురు దిశాభాగమే ప్రాణము. మద్రాసు నుండి తిరువళ్లూరు వరకు 1979-80లోను, అక్కడినుండి అరక్కోణము వరకు 1982-83లోను రైలుమార్గము విద్యుదీకరింపబడెను; తిరుత్తణి మీదుగా రేణిగుంటకు పోవు దారియు పిమ్మట అట్లే యయ్యెను. పైతీగలోని 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరుచే తగ్గించి, సిలికాను డయోడులచే ఏకముఖముగా మార్చి మోటారుల కిచ్చుట డబ్ల్యూఏఎం-4 వంటి ఇంజనుల పద్ధతి. ఒక్క డయోడు ఎదురు వోల్టేజిని భరింపలేదేని పెక్కింటిని వరుసగా కూర్పవలెను. కాని యే రెండింటి స్రావమును సమానము గాదు గనుక, తక్కువ స్రావము గలదానిపై వోల్టేజి యెక్కువ పడును. అందుచే ప్రతిదాని కడ్డముగా నొక నిరోధకమును చేర్చి సరిపంచుదురు. ఇప్పటి మూడు ఫేజుల ఇంజనులలో, ఆజ్ఞానుసారము తెరచి మూయు ఐజీబీటీ అను అర్ధవాహకపు మీటలు ప్రధానమైనను, ప్రవాహము మరలుటకై వాని చెంత డయోడులు ఉండనే యున్నవి.