తెర మీది పలువరుస

1930ల హాలీవుడ్‌లో బాలనటి షర్లీ టెంపుల్ పాలపళ్లు ఊడినా, తెర మీద తొర్రి కనిపించనిచ్చేవారు కాదు. బెవర్లీ హిల్స్ దంతవైద్యుడు చార్లెస్ పింకస్ చేసిన పలుచని తొడుగులదే ఆ మాయ. కట్టుడుపళ్లకు వాడే పొడితో వాటిని అంటించేవారు. షూటింగ్ అయ్యేదాకా నిలిస్తే చాలు. అన్నం తినడానికి పనికొచ్చే నవ్వు కాదది!

లోటల్లా పట్టుదే.

1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో దంతవైద్యుడు మైఖేల్ బ్యుయోనొకోర్ పంటి ఎనామిల్‌కు ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి చూశాడు. పైపొర గరుకెక్కి, యాక్రిలిక్ గట్టిగా పట్టుకుంది. ఆయన ఆలోచన అందం గురించి కాదు, పూడికలు ఊడకుండా చూడాలని. తొడుగులు చేసే పింగాణీ లొంగడానికి మరో పాతికేళ్లు పైనే పట్టింది. 1980ల మొదట్లో దంతవైద్యులు సైమన్‌సెన్, కలామియా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో దాన్నీ గరుకు చేశారు. వెనీర్లు అనే నేటి పింగాణీ తొడుగులు ఆ పట్టు మీదే నిలుస్తున్నాయి.

వాటికోసం చాలాసార్లు కొంత ఎనామిల్ చెక్కాలి. అది మళ్లీ పెరగదు. ఎంత చెక్కుతారో డాక్టరును ముందే అడగండి.